దయ్యం తీసేసిన ఆట

ఆఫీసులో ఆమెకు జల్లెడ అని పేరు పెట్టారు. ఎదురుగా ఎవరూ అనరు గానీ ఆమెకు తెలుసు. తెలిసీ నొచ్చుకోలేదు. ఆ కంపెనీ ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేస్తుంది. ఒకే రంగు పళ్లను పక్కపక్కన చేరిస్తే అవి టప్పున పేలిపోయి, తెర నిండా నక్షత్రాలు రాలి, "అద్భుతం" అని ఒక ఆడగొంతు కేక పెడుతుంది. జనం బస్సుల్లోనూ ఆస్పత్రి వరండాల్లోనూ కూర్చుని ఆ పళ్లు పేలుస్తూ ఉంటారు. అది వాళ్ల చేతుల్లోకి వెళ్లకముందే అడ్డంగా నిలువుగా ఆడి, ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ పగులుతుందో కనిపెట్టి చెప్పడం ఈమె ఉద్యోగం. ఆ ఆట మీద ఈమెకు గౌరవం ఏ కోశానా లేదు. పళ్లు పేల్చేవాళ్ల మీద అసలే లేదు. కానీ ఈమె చేతిలోంచి ఒక్క లోపం కూడా జారిపోయేది కాదు.

చిక్కల్లా ఆ జల్లెడను సాయంత్రం ఆఫీసులో వదిలేసి రాకపోవడమే. పక్కింటావిడ ముచ్చటపడి కొత్త కర్టెన్లు చూపిస్తే, కుట్టు ఎక్కడ వంకర పోయిందో ముందు అదే కంటపడేది. పిన్ని కూతురు పాట పాడితే శ్రుతి తప్పిన చోట ఈమె కనుబొమ్మ కదిలేది. తిట్టేది కాదు, గొంతు పెంచేది కాదు. చూసేది, ఒక మాట అనేది, మళ్లీ తన పనిలో తాను పడేది. ఆ ఒక్క మాటతో అవతలివాళ్లకు ఆ పూట ముద్ద దిగేది కాదు.

ఈమెకు ఒక తమ్ముడు. నాన్న పోయేనాటికి వాడు బడికి వెళ్లే పిల్లాడు, ఈమె అప్పుడప్పుడే ఉద్యోగంలో చేరింది. అమ్మా, తమ్ముడూ, ఇల్లూ ఈమె మీదే పడ్డాయి. మోసింది. మోస్తున్నానని ఎవరి దగ్గరా చెప్పుకోలేదు కూడా. తమ్ముడు పెద్దవాడయ్యాక చెవి మిషన్లు అమ్మే దుకాణంలో చేరాడు. సరిగ్గా వినపడనివాళ్లను, బయటి చప్పుడు లోపలికి రాని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి శబ్దాలు వినిపిస్తాడు. వినపడినప్పుడల్లా మీట నొక్కమంటాడు. ఆ తర్వాత చెవికి అచ్చు తీసి, అందులో సరిగ్గా కూర్చునే తొడుగు చెక్కుతాడు. అక్క లెక్కలో అది ముసలివాళ్ల చెవుల్లో గుబిలి చూసే ఉద్యోగం. ఆ మాట ఒకసారి భోజనాల దగ్గర అననే అంది. వాడు తల ఊపి, కంచంలోకి చూసుకుంటూ తిన్నాడు.

వాడు తీరిక దొరికినప్పుడల్లా గదిలో కూర్చుని ఒక్కడే ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నాడన్న సంగతి అమ్మ ద్వారా బయటపడింది. అదీ సైకలాజికల్ హారర్ గేమ్ అట. అక్క వినీ వినకముందే నవ్వింది.

సొంతంగా ఆటలు చేసుకునే బాపతు మనుషులంటే ఆమెకు ముందునుంచీ పడదు. పదిమంది చేయాల్సిన పనిని ఒక్కడే నెత్తికెత్తుకుని, సగంలో చతికిలబడి, ఆ సగానికే కళ అని పేరు పెడతారని ఆమె అభిప్రాయం. అందులోనూ భయపెట్టే ఆటలు చేసేవాళ్లంటే మరీ లోకువ. ఆమె చూసినంతలో అవన్నీ ఒకే మూసలో పోసినవి. ఒక పాడుబడ్డ ఇల్లు. ఒక టార్చిలైటు, దాని బ్యాటరీకి ఎప్పుడూ ఆయుష్షు తక్కువే. జుట్టు విరబోసుకున్న ఒక పిల్ల. గోడల మీద ఎర్రటి రాతలు. చివర్లో ఒక డాక్టరు వచ్చి, ఇదంతా నీ మనసులోనే జరిగింది బాబూ అంటాడు. అలా అనేస్తే ఏ గది ఎక్కడుందో, ఏ తలుపు ఎందుకు తెరుచుకుందో ఇక ఎవరూ అడగరు. చేతకానితనాన్ని కప్పిపుచ్చుకోవడానికి మనసంత పెద్ద దుప్పటి ఇంకోటి లేదని ఆమె ఆఫీసులో అంటూ ఉండేది.

ఒక శనివారం పొద్దున తమ్ముడు దుకాణానికి బయల్దేరుతూ ఆమె గది గుమ్మం దగ్గర ఆగాడు. చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది.

"అక్కా, ఒకసారి ఆడి చూస్తావా? అయిపోయినట్టే ఉంది."

"అయిపోయినట్టే ఉందా, అయిపోయిందా?"

"అయిపోయింది."

"పేరేంటి?"

"తలుపు వేసి ఉంది."

"వేసి ఉంటే నన్నెందుకు పిలుస్తున్నావు?"

వాడు ఆ వేళాకోళానికి నవ్వబోయి మానేశాడు. "రాత్రి లైట్లు తీసేసి ఆడితే బాగుంటుంది," అన్నాడు.

"భయపెట్టేదైతే పట్టపగలు కూడా భయపెట్టాలిరా. చీకటి ఊరికే దొరుకుతుంది, అందులో నీ గొప్పేముంది?" అని పెన్‌డ్రైవ్ అందుకుంది.

కాఫీ తాగి, ముందుగదిలో కిటికీ తెరలు బార్లా తీసి, ఎండ పడుతున్న బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. వెనకాల సోఫాలో అమ్మ ఆరిన బట్టలు మడతపెడుతోంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తమ్ముడికి లేనిపోని మర్యాద చేసినట్టవుతుందని, స్పీకర్లలోనే వినాలని నిశ్చయించుకుంది.

మొదట్లోనే దొరికిపోయాడు. తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఆటలో మనిషి మోకాలి లోతు నీళ్లలో దిగినవాడిలా ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. సోఫాకీ గోడకీ మధ్యకు పంపితే అక్కడ ఇరుక్కుపోయి, ముందుకూ రాడు, వెనక్కీ రాడు. ఆట మూసి మళ్లీ తెరవాల్సి వచ్చింది. తెరిస్తే, ఆపిన చోటు నుంచి కాక మొదటికొచ్చింది. ఒక తాళంచెవి కోసం ఇంట్లో ఉన్న సొరుగులన్నీ లాగించాడు. సొరుగు లాగడంలో భయం ఏముంది, చేతినొప్పి తప్ప? అక్క హాయిగా వెనక్కి వాలింది. ఇలాంటి ఆటను చీల్చి చెండాడడం ఆమెకు కాఫీ తాగినంత తేలిక.

తర్వాత మొదటి గది వచ్చింది.

గదిలో ఒక బల్ల, దాని మీద సగం రంగులు వేసిన గుర్రం బొమ్మ. మిగతా సగం మనమే పూర్తి చేయాలి. అంతకుమించి ఏమీ లేదు. రంగు పెన్సిలు కాగితం మీద గీరుతున్న చప్పుడు, బయటెక్కడో నీళ్లు పడుతున్న చప్పుడు. బొమ్మ పూర్తయింది. అప్పుడు వేసి ఉన్న తలుపు అవతలినుంచి ఒక ఆడగొంతు అంది.

"అంతేనా?"

మరో మాట లేదు. అడుగుల చప్పుడు దూరమైంది. తిరిగి బల్ల వైపు చూస్తే గుర్రం ఇందాకటికంటే చిన్నదైంది. గదిలోంచి బయటికి వస్తుంటే గుమ్మం కూడా కొంచెం కిందికి దిగినట్టు అనిపించింది. దిగిందో లేదో తేల్చి చెప్పలేనంత కొంచెం.

రెండో గదిలో విప్పి పడేసిన రేడియో. మరలు బిగించి, ముల్లు తిప్పుతూ పోతే, బుస్సుమనే గోలలోంచి ఎక్కడో ఒక పాట అంచు తగిలింది. అది దొరికిన క్షణాన అక్కకు నిజంగానే ఒక చిన్న సంతోషం కలిగింది. ఆ సంతోషం పూర్తిగా ఒంటబట్టకముందే తలుపు అవతల "అంతేనా?" అని వినపడింది. పాట సన్నగిల్లిపోయింది.

అక్క నిటారుగా కూర్చుంది. శబ్దాల సంగతి ఆమెకు తెలుసు. చవకబారు ఆటలన్నీ చప్పుడు పెంచి భయపెడతాయి. వీడు తగ్గిస్తున్నాడు. ఇంట్లో ఎవరూ లేనప్పటి నిశ్శబ్దం వేరు, పక్కగదిలో ఎవరో మాట్లాడకుండా నిలబడి ఉన్నప్పటి నిశ్శబ్దం వేరు. ఆ తేడా వాడు పట్టుకున్నాడు. చెవి దుకాణంలో కూర్చుని వీడు నేర్చుకున్నది ఇదన్నమాట అనుకుంది. అనుకున్నందుకు తన మీద తనకే చిరాకేసింది.

మూడోది వంటిల్లు. కడగాల్సిన గాజు గ్లాసులు. ఆమె కడిగింది. కడిగి ఊరుకోలేదు, ఒకదాని పక్కన ఒకటి తీరుగా బోర్లించింది. అలా బోర్లించమని ఆట ఎక్కడా అడగలేదు. తానెందుకు అలా చేస్తోందో ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆ గొంతు రాకుండా ఉండాలని. తప్పు దొరక్కపోతే రాదని.

"అంతేనా?"

వెనకాల అమ్మ తల ఎత్తకుండానే, "అంతేనే. దుప్పట్లు ఇంకా ఆరలేదు," అంది.

అక్క వెనక్కి తిరిగింది. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

"నీతోనే. అంతేనా అన్నావుగా."

"నేననలేదు. ఇందులో ఎవరో అన్నారు."

"అలాగా." అమ్మ చేతిలో చొక్కా దులిపి మడతపెట్టింది. "నిజమేలే, గొంతు నీది కాదు. అన్న తీరు నీదే."

అమ్మ ఆ మాటను గొప్పగానూ అనలేదు, దెప్పుతూనూ అనలేదు. మడతపెట్టిన బట్టలు ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. అక్క ఆట ఆపి, తెర వైపు చూస్తూ కూర్చుంది. ఎప్పుడు అన్నానా అని గుర్తు చేసుకోవాల్సిన పని కూడా లేకపోయింది. వాడు అట్టముక్కలతో బస్సు చేసి, తలుపులు తెరుచుకునేట్టు దారాలు కట్టి చూపించినప్పుడు అంది. బడి పోటీలో గెలిచిన కప్పు తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు అంది. మొదటి జీతంతో వాడు ఇంటికి ఫ్యాను కొనుక్కొచ్చి, బిగించి, మీట వేసి, ఆమె ముఖంలోకి చూసినప్పుడు కూడా అంది. అయితే ఏమిటట? అందులో తిట్టు ఎక్కడుంది? ఇంకా ఉంటే చూపించమనేగా దాని అర్థం. ఆమె తనలో తాను వాదించుకుని, గెలిచి, మళ్లీ ఆట మొదలుపెట్టింది.

మిగతా సగం చెత్త. కారిడార్ చివర జుట్టు విరబోసుకున్న పిల్ల నిలబడి ఉంది. గోడల నిండా ఎర్ర రంగు కారుతోంది. ఉన్నట్టుండి చెవులు పగిలేలా కీచుమని కేక, దానివెంట తరుముడు. నీళ్లలో నడిచే మనిషిని తరిమితే వాడేం పరిగెత్తుతాడు? చివరికి ఆస్పత్రి మంచం, తెల్లకోటు డాక్టరు, ఒక పేజీ నిండా ఉపన్యాసం: నీ చిన్ననాటి గాయమే ఈ రూపంలో వచ్చింది అని. అక్కకు ప్రాణం లేచొచ్చింది. చెత్తను చెత్త అనడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. డాక్టరు మాట్లాడుతుండగానే ఆట మూసేసి, వాణ్ని కడిగిపారేయడానికి మాటలు పోగేసుకుంది.

తమ్ముడు సాయంత్రం వచ్చాడు. కాళ్లు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చుని, ఏమీ అడగలేదు. అమ్మ వడ్డించింది. అక్క ఆఫీసులో చెప్పినట్టే మొదలుపెట్టింది.

"అక్షరాలు కనపడవు. సోఫా వెనకాల మనిషి ఇరుక్కుపోతాడు. ఆపిన చోటునుంచి మొదలవదు. తాళంచెవి గొడవ తీసెయ్, అది నీ తెలివి చూపించుకోడానికి పెట్టుకున్నావు. ఆ జుట్టు పిల్ల ఎవరు?"

"దయ్యం."

"అది చూస్తే తెలుస్తోంది. ఎవరి దయ్యం? ఎందుకొచ్చింది? అద్దెకు తెచ్చావా?"

వాడు అన్నం కలుపుతూ ఉన్నాడు.

"ఆ డాక్టరు ఇంకా ఘోరం. ఆడేవాడికి బుర్ర లేదనుకున్నావా, అన్నీ విప్పి చెప్పించావు? మొదటి సగం బాగుంది. రెండో సగం తీసుకెళ్లి పారెయ్."

తమ్ముడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మొదటి సగం బాగుందా?"

"చెవిటివాడివా? అదే కదా చెప్పాను."

అమ్మ నీళ్ల చెంబు తెచ్చే మిషతో వంటింట్లోకి వెళ్లి, అక్కడే ఉండిపోయింది.

"ఆ గొంతు ఎవరిది?" అక్క అడిగింది.

"మా దుకాణంలో కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయిది."

"అది కాదు నేనడిగింది."

వాడు కంచం వైపే చూస్తూ, "తెలిసే అడుగుతున్నావుగా," అన్నాడు.

కాసేపు ఇద్దరూ తిన్నారు. తర్వాత వాడే అన్నాడు. "మొదట మూడు గదులే చేశాను. వాటితోనే ఆపేద్దామనుకున్నా. చేశాక చూసుకుంటే, నువ్వు ఆడిన వెంటనే గుర్తుపట్టేస్తావనిపించింది. అందుకని దయ్యాన్ని పెట్టాను. రక్తం పెట్టాను. నువ్వు వాటిని తిట్టడంలో పడిపోతావు, గొంతు సంగతి పట్టించుకోవు అనుకున్నా."

అక్కకు చర్రుమంది. ఎందుకంటే వాడి లెక్క దాదాపు కుదిరింది. అమ్మ నోరు విప్పకపోయి ఉంటే ఆమె డాక్టరునీ దయ్యాన్నీ ఏకిపారేసి, గెలిచాననుకుని నిద్రపోయి ఉండేది.

"పిరికి సన్నాసి," అంది. "దయ్యాన్ని తీసెయ్."

"తీసేస్తే ఇంకేం మిగులుతుంది?"

"నేను మిగులుతాను. చాలనా జనాన్ని భయపెట్టడానికి?"

వాడు తలెత్తి చూశాడు. ఆమె వేళాకోళం చేయడం లేదు. "నీకు కోపం రాలేదా?" అని అడిగాడు.

"ఎందుకు రాలేదు? ఆ అమ్మాయి సరిగ్గా అనలేదు. మాట చివర్లో గదమాయించింది. నేనెప్పుడైనా గదమాయించానా?"

"లేదు."

"అరిచానా?"

"లేదక్కా. అరిచి ఉంటే బాగుండేది. తిరిగి నేను కూడా అరిచేవాణ్ని."

జవాబు లేని చోట ఆమె ఎప్పుడూ చేసేది పనిలోకి దూకడమే. "రేపు ఆదివారం. మీ దుకాణం మూసే ఉంటుంది కదా. నేనొచ్చి చెబుతాను ఆ మాట," అంది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ వెళ్లారు. వాడు షట్టర్ సగం ఎత్తి, వంగి లోపలికి వెళ్లి లైటు వేశాడు. గోడ పొడవునా గాజు పెట్టెల్లో గోరంత గోరంత చెవి మిషన్లు. వెనకాల ఆ చిన్న గది. లోపలి గోడలకు మెత్తటి స్పాంజి, ఒక కుర్చీ, ఒక పక్క మందపాటి అద్దం. తమ్ముడు మైకు అమర్చి, ఆమెను కూర్చోబెట్టి, తలుపు బిగించి, అద్దం అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాడు.

లోపల ఆమెకు తన ఊపిరి తనకే పెద్దగా వినపడింది. ఇలాంటి పెట్టెలో కూర్చుని ముసలివాళ్లు తమకు ఇంకా ఎంత వినపడుతోందో తేల్చుకుంటారన్నమాట అనుకుంది. వాడు అవతలినుంచి చెయ్యి ఊపాడు.

"అంతేనా?" అంది.

వాడు తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అంది. ఇంకోలా అంది. మెల్లగా అంది, విసుగ్గా అంది. ప్రతిసారీ అది అద్దె దయ్యం మాటలాగే వచ్చింది. ఇంతకాలం ఊరికే నోటినుంచి జారిపడ్డ మాట, కావాలని అనబోతే నాలుకకు అడ్డం తిరుగుతోంది. కౌంటర్ అమ్మాయే నయమనిపించింది.

చివరికి మైకులో, "ఒరేయ్, ఉత్తుత్తినే నాకు రావడం లేదు. ఏదైనా చూపించు," అంది.

వాడికి మొదట అర్థం కాలేదు. తర్వాత లేచి, అటూ ఇటూ చూసి, పనిబల్ల సొరుగులోంచి ఏదో తీసి అద్దం దగ్గరికి తెచ్చాడు. చెవి తొడుగు. ఆ వారం వాడు చెక్కింది. చిటికెన వేలి కొనంత ఉంది, లోపలినుంచి వెలుతురు కనిపించేంత పల్చగా, చెవిలోని మలుపులన్నీ తిరుగుతూ, ఎక్కడా గరుకు లేకుండా. వాడు దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, లైటుకు ఎదురుగా తిప్పి చూపించాడు. చూపిస్తున్నంతసేపూ, ఇది ఎందుకోసమో మరిచిపోయి, వాడి ముఖంలో మెరుపు వచ్చింది.

"అంతేనా?" అంది అక్క.

ఈసారి సరిగ్గా వచ్చింది. ఆమెకూ తెలిసింది. అద్దం అవతల వాడి ముఖం చూసింది. రికార్డు చేయడానికి వచ్చామని వాడికి తెలుసు. ఆ మాట వస్తుందనీ తెలుసు, దానికోసమే కూర్చున్నాడు. అయినా వాడి భుజాలు కొంచెం పైకి లేచాయి, తొడుగు పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది, ముఖంలో మెరుపు ఎవరో మీట ఆర్పినట్టు ఆరిపోయింది. ఇన్నేళ్లూ ఆమె ఆ మాట అనేసి తన పనిలోకి తిరిగిపోయేది. తిరిగిపోయాక వెనకాల ఏం జరుగుతుందో ఎప్పుడూ చూడలేదు. ఇవాళ ఆ పెట్టెలో తిరగడానికి చోటు లేదు.

"ఇంకోసారి చేద్దాం. కుర్చీ కిర్రుమంది," అంది.

"అక్కర్లేదు," అన్నాడు వాడు తలుపు తెరిచి. "వచ్చేసింది."

బయటికి వచ్చాక ఆమె చెయ్యి చాచింది. "అదిలా ఇవ్వు." వాడు తొడుగు అరచేతిలో పెట్టాడు. ఎవరికని అడిగితే, ఒక రిటైరైన బడి మాస్టారికి అన్నాడు. ఆమె దాన్ని లైటు కిందికి తీసుకెళ్లి, అటు తిప్పింది, ఇటు తిప్పింది, అంచుల మీద గోరు పోనిచ్చింది. అలవాటు ప్రకారం వెతుకుతోంది. వాడు పక్కన నిలబడి వైర్లు చుడుతున్నాడు. చాలాసేపు చూసింది.

"దీంట్లో నాకేం దొరకలేదు," అని తిరిగిచ్చేసింది.

వాడు దాన్ని అందుకున్నాడు. సొరుగు తీసి, తొడుగును దాని డబ్బాలో పెట్టి, మూత వేసి, మళ్లీ ఒకసారి మూత తీసి చూసుకుని వేశాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఇద్దరూ ఆ ఆట మీద కూర్చున్నారు. దయ్యం పోయింది, రక్తం పోయింది, డాక్టరు ఉపన్యాసం ఒక్క అక్షరం మిగల్లేదు. సోఫా గోడకు ఆనుకుంది. గదులు మూడూ ఏడయ్యాయి, పైకప్పు గదిగదికీ దిగుతూ పోయింది, చివరి గదిలో వంగి నిలబడాలి. నడక దగ్గర మాత్రం ఇద్దరికీ చెడింది.

"వాడి నడక మార్చు. ప్రాణం విసిగిపోతోంది."

"మార్చను."

"ఆడేవాళ్లు తిడతారు."

"తిట్టనీ. నువ్వు గదిలో ఉన్నప్పుడు, ఏదైనా చూపించాలని వచ్చేటప్పుడు నేనలాగే నడిచేవాణ్ని."

"అది నీకూ నాకూ తెలుసు. డబ్బిచ్చి కొనుక్కున్నవాడికి ఎలా తెలుస్తుంది?"

వాడు మార్చలేదు. అది లోపమేనని ఆమె ఇప్పటికీ అంటుంది.

ఆట బయటికి వచ్చింది. మారుమోగిపోయేంత పేరేమీ రాలేదు, మునిగిపోనూ లేదు. జనం రాసిన అభిప్రాయాలన్నీ అక్క కూర్చుని చదివి, రాసినవాళ్లందరినీ ఒక్కొక్కరినీ వేరువేరుగా అసహ్యించుకుంది. ఒకడు దయ్యం ఏదీ, మోసం అని రాశాడు. ఒకడు, ఇందులో భయమేముంది, ఎవరో ఆవిడ విసుక్కుంటోంది అంతే అన్నాడు. నడక గురించి అందరూ తిట్టారు. ఆ తిట్లను ఆమె పైకి చదివి వినిపించింది. ఆటల మీద వ్యాసాలు రాసే ఒక పెద్దమనిషి, తగ్గిపోతున్న పైకప్పు నేటి నగరాల ఇళ్ల కొరతకు ప్రతీక అని రెండు పేజీలు దంచాడు. ఆ పెద్దమనిషి మూడో గది దాటలేదని ఆ వ్యాసం చదివితే ఆమెకు ఇట్టే తెలిసిపోయింది. ఒకావిడ మాత్రం, రేడియో గది దగ్గర ఆపేశాను, ఆ గొంతు అచ్చం మా నాన్నదే, ఇక ముందుకు వెళ్లలేను అని రాసింది.

"వాళ్ల నాన్నదట. నాది మగగొంతులా ఉందా?" అంది అక్క.

తమ్ముడు నవ్వాడు. ఆమె ఆ మాటలు మళ్లీ ఒకసారి చదివి పేజీ మూసేసింది.

కొన్నాళ్లకు వాడు రెండో ఆట మొదలుపెట్టాడు. సంగతి ఈసారి వాడే చెప్పాడు, చెప్పి ఊరుకున్నాడు. ఎప్పుడు చూపిస్తాడా అని ఆమె ఎదురుచూసింది. వారాలు గడిచాయి. ఒక సాయంత్రం వాడి గుమ్మం దగ్గరికి వెళ్లి తానే అడిగింది.

"ఎంతవరకు వచ్చింది?"

"సగం."

"చూపించు. ముందే చూస్తే తప్పులు ముందే తెలుస్తాయి కదా."

"అయ్యాక చూద్దువులే అక్కా. అందరితోపాటు." వాడి మాటలో ఎగతాళి లేదు, కోపమూ లేదు. పక్కింటివాళ్లతో మాట్లాడినంత మామూలుగా అన్నాడు.

"అందరితోపాటు కొనుక్కోవాలా నేను?"

"కొనుక్కో."

ఆమె వెళ్లిపోబోయి ఆగింది. "ఇందులో కూడా నేనున్నానా?"

వాడు తెరమీంచి చూపు తిప్పి, నిజంగానే కొంచెం ఆలోచించి చెప్పాడు. "లేవు."

దయ్యంగా ఉన్నానని తెలిసినప్పుడు కలగని చిన్నతనం ఆమెకు ఇప్పుడు కలిగింది. ఏదో అనాలని నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట ఏదో ఆమెకు తెలుసు, వాడికీ తెలుసు. వాడు హెడ్‌ఫోన్లు చేతిలో పట్టుకుని, పెట్టుకోకుండా ఎదురుచూస్తున్నాడు.

"సరే," అంది అక్క. "కొనుక్కుంటాను." అని ముందుగదిలోకి వచ్చి, ఆఫీసు ఫోను తీసి, కొత్తగా వచ్చిన పళ్లను ఒక్కొక్కటే పేల్చడం మొదలుపెట్టింది.